దీక్షిత మీద ఒట్టు

అండమాన్,
జనవరి 5, 2025.

రాధక్కా,

మొన్న ఫోన్ల బావతోని “అంత మంచిగనే ఉన్నది, ఫికర్ చెయ్యకుండ్రి” అన్న కదా, అది పచ్చి అబద్ధం. ఏం చెయ్యాలె మరి? నీకా చెవులు వినవడయి. నేను ఫోన్ల పది మాటలు చెప్తే బావ నీకు రెండు సైగలు చేసి ఊకుంటడు. నేను భయపడుతున్న అని బావకు తెలిసిందంటే ఆటో ఎక్కినోళ్లందరికి బోధన్ నుంచి నిజామాబాద్ దాకా అదే ముచ్చట చెప్తడు. అందుకే కాయితం రాస్తున్న. నువ్వొక్కదానివే చదువుకో.

హోటల్ల లెక్కలు రాస్తున్న అన్న కదా, అది కూడ అబద్ధమే. ఇది హోటల్ కాదు. సముద్రంల మునుగుడు నేర్పే దుకాణం. స్కూబా అంటరు. వీపుకు సిలిండర్ కట్టుకొని, నోట్ల రబ్బరు గొట్టం పెట్టుకొని, కిందికి పోయి చేపలను చూసొస్తరు. పట్నాలోళ్లు మస్తుగ వస్తరు. ఇన్నొద్దులు నాది సిలిండర్లు మోసుడు, బట్టలు కడుగుడు. ఇప్పుడు మా సేటు కొత్త ముచ్చట తీసిండు. ఈ నెలాఖరుకు మునుగుడు నేర్చుకొని పరీక్ష పాసైతే పక్కా నౌకరి, లేకుంటే ఇంటికి పో అన్నడు. అక్కా, నాకు నౌకరి కావాలె. మళ్ల బోధన్‌కొచ్చి మీ ఇంట్ల కూసొని తినుడు నాతోని కాదు.

కాని భయమైతున్నది. కండ్లకు, ముక్కుకు కలిపి ఒక అద్దాల మాస్కు పెడ్తరు. నీళ్ల కింద కూసొని దాన్ని తీసి, మళ్ల పెట్టుకొని, లోపటి నీళ్లు ముక్కుతోని ఊది ఎల్లగొట్టాలె. అంతే పని. మొన్న నీళ్లు ముక్కుకు తాకంగనే నోట్ల గొట్టం ఉమ్మేసి, తన్నుకులాడి లేచిన. లేచి చూస్తే నీళ్లు నా రొమ్ముదాకనే ఉన్నయి. ఒడ్డుకున్నోళ్లు నవ్విండ్రు. నిన్న మళ్ల అట్లనే అయింది. ఇయ్యాల కూడ.

చిన్నప్పుడు మన ఎడపల్లి బావిల బొక్కెన పడితే నువ్వే దుంకి తెస్తుంటివి. నువ్వు నీళ్లల్ల కనవడకుంట పోతే నేను గట్టు మీద నిలవడి ఏడుస్తుంటి. నీకు భయం కాకపోతుండెనా అక్కా? ఎట్ల పోతుంటివి? నాకు చెప్పు. నువ్వు ఎట్ల చెప్తే అట్ల చేస్త.

దీక్షితకు ముద్దులు. మామ పెద్ద చేపను చూసిండని చెప్పు, ఇంక చూడలేదు గని.

నీళ్లను చూస్తేనే దడుసుకుంటున్న నీ తమ్ముడు,
శ్రావణ్

~

బోధన్,
జనవరి 15, 2025.

అరే శ్రావణ్,

నీ కాయితం సదువుకుంట నిలవడితే పొయ్యి మీద పప్పు మాడింది. మా అత్త సత్తవ్వ నన్ను తిట్టిన తిట్లు నాకు యినవడలే గని, మూతి సూస్తే తెలుస్తది కదా. గవన్నీ నీకే సెందుతయి.

సిలిండరా? వీపుకు సిలిండర్ కట్టుకుంటవా? మా గల్లీల ముత్యం ఇంట్ల సిలిండర్ లీకై రేకులు ఎగిరి రోడ్డు మీద పడ్డయి, మరిసినవా? ఇంట్లనైతే బయటికి ఉరుకుతం. సముద్రంల యాడికి ఉరుకుతవురా? సదువుకున్నవు, జర బుద్ధుండొద్దా? గీ మాట మీ బావకు సెప్పలే. సెప్తే ఆటో ఇడిసిపెట్టి నిన్ను తోలుకరానీకె వస్తడు.

అయినా నౌకరి కావాలె అన్నవు. కూసొని తినుడు కాదన్నవు. గా మాటకు నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నేనెప్పుడన్న ఒక ముద్ద కాడ నిన్ను లెక్కవెట్టిన్నా?

సరే, అడిగినవు కాబట్టి సెప్తున్న. బావిల దుంకేటప్పుడు నాకు భయం కాలే అని నీకెవరు సెప్పిండ్రు? సచ్చేంత భయమైతుండె. యాడ సెయ్యి పెట్టినా పాకుడే. పైకి సూస్తే ఆకాశం పళ్లెమంత కనవడుతుండె. గప్పుడు నేను చేసింది ఒక్కటే పని. దుంకేటి ముందట దమ్ము నిండ గుంజుకొని, పండ్లు గిట్ట కరిసి, బిగవట్టుకునేది. ఒక్క బుడగ ఇడవకపోయేది. భయమైనకొద్ది ఇంక బిగవట్టేది. ఇగ నాతోని కాదు అనిపిస్తే అడుగును కాలితోని తన్ని, దమ్ము అట్లనే పట్టుకొని, సూటిగ పైకి వచ్చేది. నీళ్ల కింద దమ్ము ఇడిసినోడు బతకడు. మన ఊర్ల ఈత నేర్సిన పోరగాళ్లందరికీ గిదే నేర్పిండ్రు. నువ్వు ఊపిరి ఇడుస్తున్నవు కాబట్టే నీకు భయమైతున్నది, నాకు తెల్వదా?

నువ్వు నా మాట యినవని నాకెరుక. గా పట్నపోళ్లు ఏదన్న సెప్తే గదే యింటవు. అందుకే ఒట్టు పెడుతున్న. మన దీక్షిత మీద ఒట్టు, నీళ్ల కింద నువ్వు దమ్ము ఇడవద్దు. నీ మీద పెడితే తప్పుతవు. పిల్ల మీద తప్పవు. సిన్నప్పుడు బెల్లం దొంగతనంగ తిని “అవ్వ తోడు, తినలే” అన్నవు. తెల్లారి అవ్వ కాలు బెణికితే నీవల్లనే అని అన్నం ముట్టకుంట ఏడ్సినవు. గా పోరడివే నువ్వు ఇప్పటికి.

పండుగ సెలవులు కదా, దీక్షిత ఆడుకోనీకె పోయింది. దానికి ఒట్టు ముచ్చట సెప్పలే. మామ చేప బొమ్మ గీసి పంపాలెనట.

దమ్ము బిగవట్టు. నువ్వు పైకి వచ్చేదాక నేను కూడ బిగవట్టుకొనే ఉంట.

మీ అక్క,
రాధాబాయి

~

అండమాన్,
జనవరి 14, 2025.

రాధక్కా,

నీ జవాబు ఇంక అందలే. పడవల డాక్ వచ్చినప్పుడల్ల జెట్టీ కాడికి పోయి చూస్తున్న. ఊకె కూసుంటే భయం ఇంక ఎక్కువైతది, అందుకే మళ్ల రాస్తున్న.

మాకు నేర్పే సారు పేరు మల్లికార్జున్. ఆయన తాతలు ఎప్పుడో శ్రీకాకుళం దిక్కుకెళ్లి ఇక్కడికి వచ్చిండ్రట. మన భాష వింటే నవ్వుతడు గని మంచోడు. మొన్న ఇంకొంచెం లోతుకు తీసుకపోయిండు. చెవులల్ల పోటు లేచింది. ముక్కు మూసి ఊదితే పోయింది. నీ చెవులు యాదికొచ్చినయి. ఆ తర్వాత నవ్వులాట ఒకటి అయింది. సారు సైగ చేసి మంచిగున్నవా అని అడిగితే, మనం చూపెట్టినట్టు బొటనవేలు లేపి చూపెట్టిన. నీళ్ల కింద దాని అర్థం పైకి పోదాం అనట! సారు నన్ను పట్టుకొని పైకి తెచ్చిండు. మంచిగున్న అనాలంటే వేళ్లు గుండ్రంగ కలపాలెనట. నేను సంతోషపడ్డ మల్ల, పైకి వచ్చినందుకు.

కాని అసలు ముచ్చట ఇది. ఇక్కడ అన్నిటికంటె మొదలు చెప్పే మాట ఒక్కటే. నీళ్ల కింద దమ్ము ఎన్నడు ఆపొద్దు. గొట్టంల నుంచి గాలి వస్తనే ఉంటది, గుంజుకోవాలె, ఇడవాలె. లోతుల గాలి గట్టిగ అదుముకొని ఉంటదట. పైకి వస్తుంటే ఉబ్బుతది. దమ్ము బిగవట్టుకొని పైకి వచ్చినమంటే రొమ్ముల ఊపిరితిత్తులు గాలి నింపిన బుగ్గ పలిగినట్టు పలుగుతయట. సారు ముందు పనిచేసిన కాడ ఒకాయన భయపడి దమ్ము ఆపి, ఒక్క ఊపుల పైకి లేచిండట. పడవల పండుకోబెడితే నోట్లకెళ్లి నెత్తురు వచ్చిందట. బతకలేదట.

నా బాధ ఏందంటే అక్కా, భయం కాంగనే నా దమ్ము దానంతట అదే ఆగిపోతది. మనం బావినీళ్ల పిల్లలం కదా. “నీ బుడగలు నాకు కనవడుతనే ఉండాలె, ఆగినయంటే నేను నిన్ను నమ్మ” అంటడు సారు. పరీక్ష కూడ ముందుకు జరిపిండ్రు. రిపబ్లిక్ డే సెలవులకు జనం వస్తరని జనవరి 24కు పెట్టిండ్రు.

నా కోసం ఏం మొక్కకు. ఊకె యాది చేసుకో, చాలు.

నీ తమ్ముడు,
శ్రావణ్

~

బోధన్,
జనవరి 23, 2025.

తమ్మీ,

ముందు గీ ముక్క సదువు. దమ్ము ఇడువు. ఒట్టు లేదు, తీసేసిన. దమ్ము ఇడువు బిడ్డా, ఇడువు.

ఇగ మిగిలింది సెప్త. నీ రెండో కాయితం నిన్న పగటీలి వచ్చింది. సదివినంక నేను యాడ కూసున్ననో నాకే తెల్వదు. నేను నీకు సావు రాసి, మీద టిక్కెట్ అంటించి పంపిన తమ్మీ. పిల్ల మీద ఒట్టు కూడ పెట్టి మరీ పంపిన. నువ్వెట్లాంటోనివో నాకెరుక. నువ్వు రొమ్ము పలగనిస్తవు గని దీక్షిత మీద ఒట్టు తప్పవు.

దీక్షితతోని నీకు ఫోన్ చేపిచ్చిన. అందుబాటుల లేదన్నదట. మీ దుకాణం కార్డు మీదున్న నంబరుకు చేపిచ్చిన. గదీ లేదట. పిల్ల బొటనవేలు నొచ్చేదాక కొట్టింది. పోస్టాఫీసుకు ఉరికిన, తారు ఇయ్యాలె అన్న. కౌంటర్ల పిల్లగాడు నవ్వి కాయితం మీద రాసిచ్చిండు, “అమ్మా, టెలిగ్రాం బందై ఏండ్లాయె.” గప్పుడు నాకు భూమి మీద ఎవరూ లేనట్టనిపిచ్చింది. మీ బావకు సెప్పక తప్పలే. ఆయన నవ్వలే. తల పట్టుకొని అరుగు మీద కూసున్నడు.

ఒట్టు ఊకె తీసేసిన అంటే పోతదా? తీసి గట్టు మీద పెట్టాలె కదా. మరి ఏ గట్టు మీద పెట్టాలె? నేను దమ్ము బట్టుడు నేర్సింది యాడనో గక్కడనే పెట్టాలె అనుకున్న. ఇయ్యాల పొద్దుగాల మీ బావను ఆటో తియ్యమన్న, ఎడపల్లికి పోయినం. దారి నిండ చెరుకు ట్రాక్టర్లే, నా పానం నా కాడ లేదు. మన బావి సగం పూడింది. పక్కకు బోరేసిండ్రు. గట్టు మీద నిలవడి, మూడుసార్లు అన్న. “దీక్షిత మీద పెట్టిన ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన.” గట్టిగ అన్ననో మెల్లగ అన్ననో నాకు యినవడది కదా. బోరు కాడి కొమురయ్య సేతుల పార ఇడిసిపెట్టి సూసిండు, అంటే గట్టిగనే అన్ననేమో.

అయినా మనసు కుదుటవడలే. ఒట్టు ఎవరికి పెట్టినమో వాళ్ల ముంగట తీస్తేనే పోతది అంటది మా అత్త. నువ్వు సముద్రంల, నేను ఎడపల్లిల. పోయిందో, ఇంక నీ మెడకే ఉన్నదో నాకెట్ల తెలుస్తది? రేపే నీ పరీక్ష. గీ కాయితం నీకు అందేది ఎప్పుడు?

నా మొదటి కాయితం పడవ తప్పిపోయి ఉండాలె. సముద్రంల పడి ఉండాలె. వానకు తడిసి అక్షరాలు పోయి ఉండాలె. గట్లనే మొక్కుతున్న.

దమ్ము ఇడువు.

రాధ

~

అండమాన్,
జనవరి 25, 2025.

అక్కా,

దీక్షిత ఎట్లున్నది? మిగిలిందంత తర్వాత చదువు గని, ముందు పిల్ల ఎట్లున్నదో రాయి.

నీ కాయితం మొన్న 23 సాయంత్రం అందింది. ఒక్కరోజు లేటుగ వచ్చినా బాగుండు. పరీక్ష ముందటి రోజే రావాల్నా? నీ కాయితం చదివి అంగి జేబుల పెట్టుకున్న. సారుకు చెప్దామని రెండుసార్లు పోయిన. ఏమని చెప్పాలె? మా అక్క ఒట్టు పెట్టింది, నేను ఊపిరి ఇడవ, అని చెప్తే ఎవరన్న వింటరా? పరీక్షకే పోవద్దనుకున్న. పోకుంటే నౌకరి పోతది. ఇడిస్తే పిల్ల. ఇడవకుంటే నేను. నిన్న పొద్దుగాల పడవల కూసున్నప్పుడు పండ్లు టకటక కొట్టుకున్నయి. సలి పెడుతున్నదా అని అడిగిండు సారు. ఔ అన్న.

తాడు పట్టుకొని కిందికి దిగినం. ముందుగాల నేను ఒక దొంగ తెలివి చేసిన. దమ్ము కొంచెం కొంచెం, పెదవుల పక్కకెళ్లి ఇడిసిన. ఇంత చిన్నగ ఇడిస్తే ఒట్టు లెక్కల రాదేమో అని. నవ్వకు. నీళ్ల కింద మనిషికి బుద్ధి గట్లనే పనిచేస్తది.

అడుగున ఇసుక మీద మోకాళ్ల మీద కూసున్నం. సారు సైగ చేసిండు, మాస్కు తియ్యి అని. తీసిన. సల్లటి ఉప్పు నీళ్లు కండ్లకు, ముక్కుకు తాకినయి. దమ్ము టక్కున ఆగిపోయింది. అక్కా, నీళ్ల కింద ఏం వినవడది. నా దమ్ము చప్పుడు ఒక్కటే వినవడుతుండె. ఆగంగనే అది కూడ పోయింది. కండ్లు మూసుకొని ఉన్న. ఏ చప్పుడు లేదు. మా అక్క ఇన్నేండ్లు ఇట్లనే ఉన్నదా అనుకున్న. ఆ భయంల కూడ నీ మీద పానం గుంజింది.

రొమ్ము మండుతున్నది. నీ మాట ప్రకారం కాలుతోని తన్ని లేవనీకె మోకాలు ఎత్తిన. సారు నా భుజం గట్టిగ ఒత్తి పట్టుకున్నడు. బుడగలు ఆగినయని చూసిండన్నట్టు. నా రొమ్ము మీద అరచెయ్యితోని తట్టిండు, ఇడువు, ఇడువు అన్నట్టు. నాకు దీక్షిత రెండు జడలు కనవడ్డయి. మామా చేప బొమ్మ ఏది అన్నట్టు. ఇట్ల లేస్తే నేను సస్త. సస్తే ఆ పిల్ల పెద్దగైనంక, మా మామ నా మీద ఒట్టు కోసం సచ్చిండు అని ఎవరో ఒకరు చెప్తరు కదా. ఆ బరువు దాని నెత్తి మీద పెట్టొద్దనిపిచ్చింది. మనసులనే అన్న, దీక్షితా, మామ తప్పుతున్నడు బిడ్డా, మామను ఏమనకు. అని దమ్ము మొత్తం ఇడిసిన.

బుడగలు చెవుల పక్కకెళ్లి గలగల పోయినయి. మళ్ల గాలి వచ్చింది. మళ్ల ఇడిసిన. మాస్కు పెట్టుకొని, ముక్కుతోని ఊదిన. నీళ్లు పోయినయి. కండ్లు తెరిస్తే సారు ముంగట కూసొని వేళ్లు గుండ్రంగ కలిపి చూపెట్టుకుంట ఉన్నడు. నేను కూడ చూపెట్టిన. పైకి వచ్చినప్పుడు బుడగలు ఇడుసుకుంటనే వచ్చిన, మెల్లగ.

పాసైన అక్కా. సేటు నౌకరి పక్కా అన్నడు. అందరు చప్పట్లు కొట్టిండ్రు. నేను తడి బట్టల మీదనే సిగ్నల్ దొరికే గుట్ట ఎక్కిన. మొన్నటి గాలివానకు సిగ్నల్ మొత్తం పోయి ఉన్నది. ఇయ్యాల కూడ ఎక్కిన. లేదు. నీళ్ల భయం నిన్ననే పోయింది. ఈ భయం నీళ్ల భయం కంటె పెద్దగున్నది. తిట్టు, కొట్టు, మళ్ల నా మొఖం చూడకు. పిల్ల ఎట్లున్నదో ఒక్క ముక్క రాయి.

ఒట్టు తప్పిన నీ తమ్ముడు,
శ్రావణ్

~

బోధన్,
ఫిబ్రవరి 4, 2025.

నా తమ్మీ,

నీ కాయితం ఇయ్యాల అందింది. కాని నువ్వు దమ్ము ఇడిసినవని నాకు నీ పరీక్ష దినం నాడే తెలుసు.

ఆదివారం ఫోను కలిసిందట కదా, మీ బావ “అందరం మంచిగున్నం, ఫికర్ చెయ్యకు” అన్నడట. నువ్వు నమ్మి ఉండవు. ఫోన్ల మన ఇంట్లోళ్లు సెప్పేది ఎప్పటికి గా మాటే కదా. అందుకే ఉన్నది ఉన్నట్టు నేను రాస్తున్న.

24 నాడు పిల్ల బడి నుంచి వచ్చి సంచి పడేసి, సలి పెడుతున్నదని నా ఒడిల పండుకున్నది. సెయ్యి పెట్టి సూస్తే ఒళ్లు పెంక లెక్క కాలుతున్నది. నా చెవులు పోయింది గసుంటి జెరంతోనే కదా, సరిగ్గా గా ఈడుకే. నా ఒట్టు నా బిడ్డకే తగిలింది అనుకున్న. నోరు కొట్టుకున్న.

కొట్టుకుంటున్న సెయ్యి మధ్యలనే ఆగింది. ఒట్టు తగిలిందంటే ఏంది? తప్పిండన్నట్టు. తప్పిండంటే? దమ్ము ఇడిసిండన్నట్టు. ఇడిసిండంటే నా తమ్ముడు బతికిండు.

శ్రావణ్, నేను నవ్విన. పిల్ల ఒడిల కాలుతుంటే నేను నవ్విన, ఏడ్సుకుంట నవ్విన. మా అత్త సూసి, గీమెకు పిచ్చి లేసింది అని మీ బావను పిలిసింది. ఎవరికీ సెప్పలే. ఎట్ల సెప్పాలె? బిడ్డకు జెరమొస్తే సంబురపడ్డ తల్లి యాడనన్న ఉంటదా? నేను ఉన్న. గా ఒక్క గడియ నేను దీక్షిత అమ్మను కాదు, నీ అక్కనే. గది యాదికొస్తే ఇప్పటికి నా మొఖం నాకే సూడబుద్ధి కాదు.

తర్వాత భయం మళ్ల వచ్చింది. దవాఖానకు తీసుకపోయినం, సూదిచ్చిండ్రు. తడిబట్ట పెట్టుకుంట పక్కన కూసున్న. జెరం ఒకనాడు తగ్గుతది, మర్నాడు లేస్తది. దాని యెనకకు పోయి సప్పట్లు కొట్టి సూసిన, చెవులు ఉన్నయా పోయినయా అని. ఒకసారి తిరగలే. గప్పుడు సచ్చిపోయిన అనుకో. ఇంకోసారి కొడితే తిరిగి, “ఏందే అమ్మా, ఊకె కొడ్తవు, నిద్రవోనియ్యవా” అన్నది. పెదవులు సూసి సదువుకున్న గా మాట. ఇప్పుడు మంచిగున్నది. బడికి పోతున్నది. చేప బొమ్మ ఇంక పంపలేదని నీ మీద కోపంగున్నది.

డాక్టరు ఊర్లందరికీ గిట్లనే జెరాలున్నయి అన్నడు. మీ బావ గదే అంటడు. అయుండొచ్చు. నాకు మాత్రం గా దినం ఇంకెవరూ నీ కబురు తేలే, నా బిడ్డ ఒళ్లే తెచ్చింది. ఇగ నా నోటికెళ్లి ఎవరి మీద ఒట్టు రాదు. పప్పుల ఉప్పెక్కువైంది, తోడు, అని కూడ అన.

నిన్న దాన్ని పక్కన కూసోబెట్టుకొని, నీళ్లల్ల ఎట్లుండాల్నో సెప్పిన. గుంజుకో, ఇడువు. గుంజుకో, ఇడువు. ఇద్దరం అరుగు మీద కూసొని గట్లనే చేసినం. మా అత్త మమ్మల్ని సూసి మూతి తిప్పింది.

నువ్వు ఒట్టు తప్పలే. నేను ఒకనాడు ముందుగానే గట్టు మీద పెట్టిన, గా కాయితం కూడ నీకు అందే ఉంటది. అది పోయిందో పోలేదో అని మళ్ల మనసుల పెట్టుకొని కూసోకు. నీళ్లల్ల దిగినప్పుడల్ల దమ్ము ఇడువు. తగిలేది ఏమన్న ఉంటే ఇక్కడ నేనున్న, పిల్లను నేను సూసుకుంట.

మీ అక్క,
రాధ